పదకొండు గంటలకు గంట కొట్టే ఊరు

(ఊరి చరిత్ర చెబుతూ జనాన్ని వెంట తిప్పే 'ఊరి నడకలు' నడిపించాలనుకునే ఔత్సాహికుల కోసం హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా వెనక వాళ్లకి? సరే.

ముందు ఒక అవమానం సంగతి చెప్పి మొదలుపెడతాను. నేను మా ఊళ్లో నడకలు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక దిగుడుబావి దగ్గర ఆగేవాణ్ణి. మెట్లు, రాతి కట్టడం, గోడల సందుల్లో రావి మొక్కలు, అన్నీ చక్కగా కుదిరాయి. "ఆరువందల ఏళ్ల నాటి బావి అండీ" అని గొంతు పెంచి చెప్పేవాణ్ణి. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. చూస్తే అలా అనిపించింది, అంతే. ఒకరోజు ఇరవై మందిని వెంటేసుకుని అక్కడ నిలబడి అదే పాట పాడుతున్నా. ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ఒక ముసలావిడ తలెత్తకుండానే అంది: "ఏం ఆరువందలు నాయనా, మా మామగారు తవ్వించిందది. కూలీలకి అంబలి కాచి పోసింది మా అత్తగారు." [నవ్వులు] ఇరవై మందీ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను మరి.

ఆ తర్వాత చాలాకాలం భయం పట్టుకుంది. రుజువు లేనిది నోటెంట రానిచ్చేవాణ్ణి కాదు. దాంతో నడక కాస్తా రెవెన్యూ రికార్డు చదివినట్టు తయారైంది. జనం ఆవలించడం మొదలుపెట్టారు. కథ చెబితే అబద్ధం, చెప్పకపోతే నిద్ర. ఈ ముడి ఎలా విప్పాలో నాకు తెలిసింది హంగరీలో ఒక చిన్న ఊళ్లో. ఈ రోజు ఆ ఊరు గురించే చెబుతాను.

ఊరి పేరు కోసెగ్. జర్మన్ వాళ్లు గూన్స్ అంటారు. హంగరీకి పడమటి కొసన, ఆస్ట్రియా సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. జనాభా పన్నెండు వేల లోపే, మన దగ్గర ఒక పెద్ద మేజర్ పంచాయతీ అనుకోండి. సొంబత్‌హెయ్ అనే పట్నం నుంచి చిన్న రైలు వెళ్తుంది, అరగంట కూడా పట్టదు. కోసెగ్‌లో పట్టాలు అయిపోతాయి. రైలు ఆగిందంటే ఇక దిగాల్సిందే. ఆ పట్టాలు అక్కడే ఎందుకు ఆగిపోయాయో చివర్లో చెబుతాను.

పని మీద వియన్నా వెళ్లినవాణ్ణి, రెండు రోజులు ఖాళీ దొరికితే అక్కడికి వెళ్లాను. ఊరి నడక పొద్దున పదిన్నరకి మొదలు. మొత్తం పద్నాలుగు మందిమి, ఎక్కువమంది ఆస్ట్రియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు. నడిపించే ఆవిడ రిటైరైన టీచరు, అరవై దాటి ఉంటాయి. జర్మన్‌లో చెప్పి, నా ఒక్కడి కోసం మళ్లీ ఇంగ్లీషులో చెప్పేది. చేతిలో జెండా లేదు, మెడలో మైకు లేదు. ఒక గొడుగు, కోటు జేబులో నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం. అంతే సరంజామా.

మొదలుపెడుతూనే రెండు హంగేరియన్ మాటలు నేర్పింది. 'మెషె' అంటే కథ. 'అదత్' అంటే ఆధారం ఉన్న సమాచారం. "నేను చేతులు జేబులో పెట్టుకుని చెబితే మెషె. చెయ్యి బయటికి తీసి గోడనో రాయినో చూపిస్తూ చెబితే అదత్. రెండూ చెబుతాను, కలపను" అంది. నేను అక్కడే పడిపోయాను. నా ముడి ఆవిడ ఒక్క ముక్కలో విప్పేసింది.

పేర్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకి పోదాం. హంగేరియన్లకి మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. యురిషిచ్ మిక్లోష్ అంటే యురిషిచ్ ఇంటిపేరు, మిక్లోష్ పేరు. మా గుంపులో ఆస్ట్రియా వాళ్లు తికమకపడి ఆయన్ని మిస్టర్ మిక్లోష్ అంటుంటే, నాకు మాత్రం సొంతూళ్లో ఉన్నట్టే అనిపించింది.

సరే, ఈ యురిషిచ్ ఎవరు? ఊరి కథంతా ఆయనే. 1532. మనకి కాలం అందాలంటే, కృష్ణదేవరాయలు పోయి మూడేళ్లు, గోల్కొండలో సుల్తాన్ కులీ కుతుబ్‌షా ఏలుతున్నాడు. అక్కడ తుర్కీ సుల్తాన్ సులేమాన్ వియన్నా మీదికి రెండోసారి బయల్దేరాడు. మొదటిసారి 1529లో వెళ్లి తిరిగొచ్చాడు. ఈసారి లక్షకు పైగా సైన్యమని పాత రాతలు. దారిలో ఈ చిన్న కోట. లోపల యురిషిచ్ దగ్గర చేయి తిరిగిన సైనికులు యాభై మంది కూడా లేరు. మిగతా ఏడెనిమిది వందల మందీ చుట్టుపక్కల పల్లెల నుంచి పరుగెత్తుకొచ్చి తలదాచుకున్న రైతులు. వాళ్ల వెనక ఆడవాళ్లు, పిల్లలు. ఆగస్టంతా దాదాపు మూడు వారాలు ముట్టడి. తుర్కులు గోడల కింద సొరంగాలు తవ్వి మందుగుండు పేల్చారు, ఎగబడ్డారు, మళ్లీ ఎగబడ్డారు. ఊరు పడలేదు. ఆగస్టు 30న సైన్యం కదిలి వెళ్లిపోయింది. ఈలోగా వానలు, చలి దగ్గరపడ్డాయి, సులేమాన్ వియన్నా జోలికి పోకుండానే ఇంటిదారి పట్టాడు.

ఇంతవరకూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆవిడ ఎలా చెప్పిందో చూడండి. కోట గోడ దగ్గర ఆగి, చెయ్యి బయటికి తీసి గోడ మీద ఆనించి, "యురిషిచ్ వీరుడే. కానీ బేరగాడు కూడా" అంది. రెండేళ్ల ముందు, 1530లో, ఆయన ఆస్ట్రియాని ఏలుతున్న రాజు ఫెర్డినాండ్ తరఫున రాయబారిగా ఇస్తాంబుల్ వెళ్లి సుల్తాన్ కొలువు చూసొచ్చినవాడు. బయట గుడారంలో కూచున్న వజీరు ఇబ్రహీం పాషా ఆయనకి కొత్త మనిషి కాదు. చివర్లో ఇద్దరూ మాట్లాడుకున్నారు. గోడ మీద తుర్కుల జెండా ఎగరేస్తాం, పేరుకి లొంగినట్టు, మీరు వెళ్లిపోండి అని ఒప్పందం. ఊరు దక్కింది, అవతలివాడి పరువూ దక్కింది. హంగరీలో చెబితే ఊరు గెలిచింది, తుర్కుల రాతల్లో చూస్తే ఊరు లొంగింది. "రెండూ అదత్తే" అని ఆవిడ గోడ మీద నుంచి చెయ్యి తీసేసింది.

వీరగాథలో బేరం సంగతి కలిపితే జనం నొచ్చుకుంటారని మనకొక భయం ఉంటుంది. ఆ రోజు ఎవరూ నొచ్చుకోలేదు. పైగా నా పక్కనున్న పెద్దాయన, "ఏడొందల మంది ప్రాణాలు జెండా గుడ్డతో కొన్నాడా, భలేవాడు" అన్నాడు. మనిషి ఇంకాస్త దగ్గరయ్యాడు, అంతేగానీ తగ్గలేదు.

నేను వరస తప్పాను. కోట దగ్గరికి బాగా తర్వాత వెళ్లాం. మొదలు ఊరి బయటి కూడలి. అక్కడ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన పెద్ద చర్చి ఉంది, యేసు తిరుహృదయం పేరు మీద. ఊరి ఫోటోలన్నిటిలోనూ అదే ఉంటుంది. ఆవిడ దాని ముందు నిమిషం కూడా ఆగలేదు. "ఇది మీకు ఎలాగూ కనిపిస్తుంది, నేనెందుకు?" అని సందులోకి తిప్పింది. ఇది రాసుకోండి. కంటికి దానంతటదే కనబడేదాని దగ్గర నోరు పారేసుకోవక్కర్లేదు.

సందు చివర ఒక బురుజు, కింద కమాను దారి. వీరుల ద్వారం అంటారు. రాతి కట్టు, పైన పళ్లవరసలాంటి పిట్టగోడ. అచ్చం సినిమాల్లో కోట గుమ్మమే. దాన్ని చూడగానే గుంపులో అందరూ ఫోన్లు తీశారు. ఆవిడ తియ్యనిచ్చింది. అందరూ తీసుకున్నాక మెల్లగా చెయ్యి బయటికి తీసి చూపించి, "1932" అంది. ముట్టడి జరిగి నాలుగు వందల ఏళ్లయిన సందర్భానికి కట్టారట. అంతకుముందు అక్కడున్న అసలు పాత ద్వారాన్ని పంతొమ్మిదో శతాబ్దంలోనే కూల్చేశారు. కూల్చినందుకు తర్వాత తరం వాళ్లు బాధపడి, పాతదానిలా కనబడే కొత్తది కట్టుకున్నారు.

నాకు మా బావి గుర్తొచ్చింది. సిగ్గుతో తల దించుకున్నాను. [నవ్వులు] అయితే ఆవిడ అక్కడితో ఆపి ఉంటే, "మిమ్మల్ని బోల్తా కొట్టించానా లేదా" అన్నట్టు ఉండేది. ఆపలేదు. మమ్మల్ని కమాను కిందికి తీసుకెళ్లి నిలబెట్టింది. ఎండలోంచి నీడలోకి రాగానే కళ్లకి కాసేపు ఏమీ ఆనలేదు. తర్వాత గోడల మీద చెక్కిన బొమ్మలు కనబడ్డాయి, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా చెక్కినవి. 1932లో ఈ ద్వారం కట్టినవాళ్లలో చాలామంది ఇళ్లల్లో అప్పటికి ఇంకా ఆరని దుఃఖం ఉంది. నాలుగు వందల ఏళ్లనాటి వీరులు ఒక సాకు. "ద్వారం వయసు అడక్కండి, ఎవరికోసం కట్టారో అడగండి" అంది ఆవిడ. నకిలీ పాతదనం అని తీసిపారెయ్యాల్సిన కట్టడం కాస్తా రెండు నిమిషాల్లో ఆ నడకంతటికీ బరువైన చోటైంది.

ద్వారం దాటితే లోపలి కూడలి, యురిషిచ్ పేరే. చుట్టూ రంగుల ఇళ్లు, గోడ మీద రాజముద్రలు వేసిన మునిసిపల్ భవనం, సున్నం పొరని గీకి బొమ్మలు తీర్చిన ఒక ఇల్లు, బంగారు ఏకశృంగం పేరుతో పాత మందులషాపు, ఇప్పుడది మ్యూజియం. ఇవన్నీ చకచకా చూపించేసింది, నేనూ చకచకా చెప్పేస్తున్నాను. మధ్యలో రెండు చర్చిలు పక్కపక్కనే, భుజాలు రాసుకుంటూ ఉన్నాయి. ఇంత చిన్న కూడలిలో రెండెందుకు? పాతది 1400ల తొలి రోజులది, యాకోబు పేరు మీద. పదహారో శతాబ్దంలో ఊరంతా కాథలిక్కుల నుంచి విడిపోయిన లూథర్ క్రైస్తవ శాఖలోకి మారింది. ఊళ్లో జర్మన్ మాట్లాడేవాళ్లు, హంగేరియన్ మాట్లాడేవాళ్లు ఉన్నారు. పాత గుళ్లో ప్రార్థన జర్మన్‌లో జరిగేది. హంగేరియన్లు మాకు మా భాషలో కావాలన్నారు, 1615లో పక్కనే రెండోది మొదలుపెట్టారు. తర్వాత రెండూ కాథలిక్కుల చేతిలోకి పోయాయి. దేవుడొకడే, మతమొకటే, అయినా భాష కోసం గోడ పక్కన గోడ! తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పాలా?

సరిగ్గా అక్కడ నిలబడి ఉండగా గంటలు మొదలయ్యాయి. టైం చూస్తే పదకొండు. ఆవిడ మాట మధ్యలో ఆపేసింది. గంట మోగినంతసేపూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒక సైకిలు వెళ్లింది, ఎవరో కిటికీ మూశారు, గంట మోగుతూనే ఉంది. ఆ నిశ్శబ్దం కోసమే నడక పదిన్నరకి పెట్టిందని అప్పుడర్థమైంది.

మోత ఆగాక చేతులు జేబులోకి వెళ్లాయి. మెషె: 1532లో ఆగస్టు 30న తుర్కుల ఆఖరి బంటు ఊరు దాటేసరికి పదకొండు గంటలైంది, ఆ సంతోషానికి ఈ గంట. చేతులు బయటికొచ్చాయి. అదత్: ఈ పదకొండు గంటల ఆనవాయితీ 1777 నుంచి. అంటే ముట్టడి అయిన 245 ఏళ్లకి.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. హంగరీ అంతటా మధ్యాహ్నం పన్నెండుకి చర్చి గంట కొడతారు. అది 1456లో బెల్‌గ్రేడ్ దగ్గర తుర్కుల మీద గెలిచిన గుర్తు అని ఏ పిల్లాణ్ణడిగినా చెబుతాడు. పోప్ గంటలు కొట్టమని ఆజ్ఞ ఇచ్చింది మాత్రం ఆ ఏడు జూన్ నెలాఖర్లో. గెలుపు జూలై 22న. కొట్టమన్నది గెలిచినందుకు కాదు, గెలిపించమని ప్రార్థన కోసం. గెలుపు వార్త వచ్చాక అదే గంట కృతజ్ఞత అయిపోయింది. భయంతో మొదలైన మోత సంబరంగా స్థిరపడింది. నాకు ఈ అదత్తు మెషె కంటే బాగుంది, నిజం చెప్పాలంటే.

తర్వాత చెర్నెల్ వీధి. ఈ ముక్క కొంచెం నింపాదిగా చెబుతాను, కళ్లకి కట్టాలి. వీధికి ఒక పక్క ఇళ్ల ముఖాలు తిన్నగా ఒకే గీత మీద లేవు. ప్రతి ఇంటి మూలా పక్కింటికన్నా కాస్త ముందుకి పొడుచుకొచ్చింది. దూరం నుంచి చూస్తే రంపపు పళ్లే. ఆవిడ మమ్మల్ని వీధి మొదట్లో నిలబెట్టి, చేతులు జేబులో పెట్టుకుంది: శత్రువు లోపలికొస్తే ప్రతి మూల వెనకా ఒకడు కత్తి పట్టుకుని నక్కి ఉండటానికి ఇలా కట్టారట. గుంపులో ఒక కుర్రాడు వెంటనే వెళ్లి మూల వెనక నక్కి చూశాడు. సరిగ్గా సరిపోయాడు!

అప్పుడు జేబులోంచి ఆ మడత కాగితం బయటికొచ్చింది. మోకాలి మీద పెట్టుకుని పెన్సిలుతో రెండు వంపు గీతలు గీసింది, అది వీధి. దాని పక్కన ఏటవాలుగా స్థలాల హద్దులు. "ఇప్పుడు ఇందులో మంచం, బీరువా పట్టే గది గీయండి" అని ఆ కుర్రాడికే ఇచ్చింది. వీధి వంపునే గోడ పెడితే గది మూల సూదిగా వస్తోంది. గది నాలుగు మూలలూ మట్టానికి రావాలంటే ఇంటి ముఖం వీధికి కాస్త ఓరగా తిరగాల్సిందే. అలా తిరిగితే మూల పొడుచుకొస్తుంది. వరసగా అన్ని ఇళ్లూ అలాగే తిరిగితే రంపం తయారు. వాడు తనంతట తనే గీసి, "ఓహో" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు, కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. మేస్త్రీ పనిని మేస్త్రీ పనిగా చూపించడం అంటే ఇదీ.

అయినా కత్తి కథ మానెయ్యదు. ఎందుకని అడిగాను. "కథ లేకపోతే ఆ వంకర వైపు మీరు చూసేవారే కాదు" అంది.

కోటలో మ్యూజియం ఉంది. అక్కడ నాకు ప్రాణం లేచొచ్చిన వస్తువొకటి ఉంది, ద్రాక్ష చిగుళ్ల పుస్తకం. ఈ కొండల మీద ద్రాక్షతోటలు పూర్వం నుంచీ ఉన్నాయి. 1740 నుంచి ప్రతి ఏడాదీ ఏప్రిల్ 24న, సెయింట్ జార్జ్ పండుగ రోజున, తోటల్లోంచి చిగుళ్లు కోసి తెచ్చి, వాటిని ఉన్నవి ఉన్నంత కొలతలో ఆ పుస్తకంలో బొమ్మ గీస్తారు. యుద్ధాలొచ్చాయి, రాజులు పోయారు, జెండాలు మారాయి. ఏప్రిల్ 24 వస్తే చిగురు గీయాల్సిందే. ఒక ఏడాది పొడుగాటి రెమ్మ, ఇంకో ఏడాది అప్పుడే కన్ను తెరిచిన మొగ్గ. వసంతం ఎప్పుడొచ్చిందో లెక్క దానిలోనే ఉంది, అందుకే వాతావరణం చదివే శాస్త్రవేత్తలు ఆ పుస్తకం కోసం వస్తారు. గీసినవాళ్లకి శాస్త్రం తెలియదు. పంట ఎలా ఉంటుందోనన్న బెంగ ఒక్కటే వాళ్లది. మన ఊళ్లల్లో ఉగాది పంచాంగం విని వచ్చే పంట గురించి మాట్లాడుకుంటారు చూడండి, వీళ్లు దాన్ని బొమ్మలు గీసి పెట్టుకున్నారు.

కోట దిగి వస్తే ఊరి చుట్టూ తిరిగే వీధి, ఒకప్పటి అగడ్త దారి. అక్కడ ఒక ఎర్రటి కట్టడం, పాత యూదుల ప్రార్థనా మందిరం. 1859 నాటిది. ఈ ఊళ్లోనే పుట్టి వియన్నాలో పెద్ద షావుకారైన షెయ్ ఫ్యులొప్ కట్టించాడు. దశాబ్దాల పాటు పైకప్పు కూలుతూ పడి ఉంది, ఈమధ్యే బాగుచేశారు. అక్కడ ఆవిడ చేతులు మొదటినుంచీ బయటే ఉన్నాయి. 1944 వేసవిలో ఊరి యూదుల్ని ఆష్‌విట్జ్ అనే నాజీల మరణశిబిరానికి పంపేశారు. ఆ చలికాలంలోనే ఎక్కడెక్కడి నుంచో యూదు నిర్బంధ కూలీల్ని వేలమందిని ఈ ఊరికి తోలుకొచ్చారు, వస్తున్న రష్యన్ సేనకి అడ్డంగా కందకాలు తవ్వడానికి. ఆకలి, టైఫస్ జ్వరం, తూటా. చాలామంది ఇక్కడే పోయారు. వీరుల ఊరని పేరున్న చోట ఇది చెప్పడం తేలిక కాదు. ఆవిడ గొంతు తగ్గించలేదు, పెంచలేదు. గబగబా చెప్పి దాటెయ్యనూ లేదు. "ఇక్కడ మెషె లేదు" అని ఒక్క మాట అని, మా అందరి మొహాలూ చూసి, నడక మొదలుపెట్టింది.

తర్వాత నిజంగానే ఎవరూ మాట్లాడలేదు. స్టేషను దాకా అలాగే వెళ్లాం.

స్టేషను జాబితాలో లేదు. అది ఆవిడ సొంతంగా కలుపుకున్న మజిలీ. పట్టాలు ఒకప్పుడు ఇంకా ముందుకి పోయేవట, ఇప్పుడు ఆస్ట్రియాలో ఉన్న పల్లెలకి. మొదటి యుద్ధం తర్వాత ట్రియనాన్ ఒప్పందంతో ఆ పల్లెలు 1921లో అటు పోయాయి. సంతకి నడిచొచ్చే ఊళ్లు పరాయి దేశమయ్యాయి. రెండో యుద్ధం తర్వాత ముళ్లకంచె వేశారు. సరిహద్దు పట్టీ అని, హంగరీ వాళ్లే ఈ ప్రాంతానికి రావాలంటే పర్మిట్ కావాల్సిన రోజులు. కొత్త ఫ్యాక్టరీలు ఇక్కడ పెట్టేవాడెవడు? పాత ఊరు పాతగానే మిగిలిపోయింది. మనం ముచ్చటపడి ఫోటో తీసుకునే అందంలో సగం ఆ ముళ్లకంచె చలవే. 2007 డిసెంబరులో సరిహద్దు తనిఖీలు ఎత్తేశారు. మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారు, పట్టాలు మాత్రం అక్కడే ఆగి ఉన్నాయి.

మొత్తం రెండు గంటల చిల్లర. నడిచిన దూరం రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఎక్కువసేపు నిలబడ్డాం. ఎక్కడ నిలబెట్టాలో, ఎన్నింటికి నిలబెట్టాలో తెలియడమే ఈ పని అని నాకు ఆ రోజు తెలిసింది.

ఇక ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పండమ్మా. బావి సంగతా? [నవ్వులు]

తిరిగొచ్చాక ఆ ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూచుని, "అమ్మా, ఇకనుంచి బావి దగ్గర మీరే చెప్పండి, నేను పక్కన నిలబడతా" అన్నాను. ముందు ఒప్పుకోలేదు. ఇప్పుడైతే మేం వచ్చే టైముకి చీర మార్చుకుని సిద్ధంగా ఉంటున్నారు. తవ్వించిన మామగారి పేరు, కూలీల ఊర్లు, నీళ్లు పడ్డరోజు ఎవరెవరు ఏడ్చారో అన్నీ చెబుతారు. అంబలిలోకి ఏం నంజుకున్నారో మాత్రం నెలనెలా మారుతుంది, ఒకసారి ఉల్లిపాయ, ఒకసారి మామిడికాయ పచ్చడి. ఆ ముక్క దగ్గర నేను చేతులు జేబులో పెట్టుకుంటాను.